రెండో నంబరు

పాలతొట్టి మూత పైకెత్తి, లోపలికి వంగి, కళ్ళు మూసుకుని ఒక్కసారి నెమ్మదిగా గాలి పీల్చాడు బ్రెంటన్ హాసెల్. చల్లటి పాల వాసన. దాని వెనక కాస్త పచ్చగడ్డి, ఇంకా వెనక స్టీలు. పులుపు జాడ లేదు. కలుపు మేసిన ఆవుల ఘాటు లేదు. మూత దించి, తొట్టి చల్లదనం చూపే ముల్లు మీద టార్చి వేసి చూసుకుని, చిన్న సీసాలోకి కాసిని పాలు ముంచి, చీటీ అంటించి జేబులో వేసుకున్నాడు. తర్వాత ట్యాంకర్ వెనకనుంచి లావుపాటి గొట్టాన్ని భుజానికెత్తుకుని లాక్కొచ్చి, తొట్టి అడుగున బిగించి, పంపు ఆన్ చేశాడు. గొట్టం ఒక్కసారి పాములా ఒళ్ళు విరుచుకుని బిగుసుకుంది.

షెడ్డు రేకుల మీద ఆగస్టు వాన, ఇక్కడి చలికాలపు వాన, పడుతోంది. ఇంకా తెల్లవారలేదు.

ఆరడుగులు బాగా దాటిన మనిషి బ్రెంటన్. భుజాలు ఇప్పటికీ ఆటగాడివే, పొట్ట మాత్రం డ్రైవరుది. విక్టోరియా పడమటి పల్లెల్లో పాలబండి తోలేవాళ్ళంతా చలికాలంలోనూ నిక్కర్లే వేస్తారు కాబట్టి, అతని ఎడమ కాలు కుడికాలి కన్నా సన్నమని ఆ దారిలో ఉన్న రైతులందరికీ తెలుసు. ఆ మోకాలి మీద రెండు కోత గుర్తులు పక్కపక్కనే కిందికి దిగుతాయి. బండి దిగేటప్పుడు ఎప్పుడూ కుడికాలే ముందు. చేతులు పెద్దవి. వేళ్ళ సందుల్లో చర్మం, గొట్టాలు కడిగే మందు వల్ల, ఎప్పుడూ పగిలి ఎర్రగా ఉంటుంది.

ట్రూడీ వాన్ రూయెన్ రబ్బరు ఏప్రన్ మీద చేతులు తుడుచుకుంటూ పాకలోంచి వచ్చింది. అరవై దాటిన మనిషి. పొద్దున్నే ఎవరినో ఒకరిని ఒక మాట అననిదే ఆవిడకి టీ దిగదు.

"రేడియో విన్నావా?" అంది.

"ఇంకా పెట్టలేదు."

"పెట్టకు. నీకు పెళ్ళి చేస్తున్నారు అక్కడ."

"మళ్ళీనా?"

"పాతికేళ్ళయిందట కదా. రజతోత్సవం. నీకున్న ముక్కు ఆ క్లబ్బు వాళ్ళకి ఉండుంటే డెలహంటీని వదులుకునేవాళ్ళా, నువ్వే చెప్పు."

"నా ముక్కు పాలకే పనిచేస్తుంది ట్రూడీ. మనుషులకి కూడా పనిచేస్తే రోజూ నీ గుమ్మం తొక్కుతానా?"

ఆవిడ పకపకా నవ్వి, రాత్రి పుట్టిన దూడ ఒకటి లేవడం లేదంటూ పాకలోకి వెళ్ళిపోయింది. బ్రెంటన్ గొట్టం విప్పి, కడిగి, చుట్టి, బండెక్కాడు.

ప్రతి ఏడూ ఫుట్‌బాల్ ఆటల కాలం ముగిశాక పెద్ద క్లబ్బులన్నీ ఒక హాల్లో చేరి, దేశంలోని పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళని వంతులవారీగా పంచుకుంటాయి. ఆ ఏడు అట్టడుగున నిలిచిన క్లబ్బుది మొదటి వంతు. ఏ క్లబ్బు తన పేరు చదివితే కుర్రాడు ఆ క్లబ్బువాడు, అంతే. దాన్ని డ్రాఫ్టు అంటారు. పాతికేళ్ళ కిందటి డ్రాఫ్టులో కొంగబొమ్మ గుర్తున్న యారాసైడ్ క్లబ్బుది రెండో వంతు. వాళ్ళు బ్రెంటన్ హాసెల్ అని చదివారు. మూడో వంతు వాళ్ళు మార్కస్ డెలహంటీ అని చదివారు.

డెలహంటీ పదిహేడేళ్ళు ఆడాడు. కప్పులు తెచ్చాడు, పతకాలు తెచ్చాడు. ఇప్పుడు ఆ మూడో వంతు క్లబ్బు మైదానం గేటు ముందు బంతి తన్నే కంచు విగ్రహమై ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు. బ్రెంటన్ పదకొండు ఆటలు ఆడాడు. పదకొండో ఆటలో, ఎవరూ తాకకుండానే, తడి గడ్డి మీద పక్కకి తిరగబోతే కాలు అక్కడే ఉండిపోయి మనిషి ఒక్కడే తిరిగాడు. ఏడాది తర్వాత చిన్నజట్టులో మళ్ళీ దిగితే మళ్ళీ అదే మోకాలు. ఆ చలికాలం పోకముందే క్లబ్బు అతనికి చెయ్యి కలిపి, గేటు దాకా వచ్చి సాగనంపింది.

బండి కంకర దారి దాటి తారు రోడ్డెక్కాక రేడియో పెట్టాడు. వద్దన్న పని చేయకుండా ఉండలేకపోవడం మనిషి గుణం.

"...అందుకే నా లెక్కలో అన్ని కాలాల్లోకీ దిక్కుమాలిన ఎంపిక ఇదే," అంటోంది ఒక గొంతు. "డెలహంటీ అక్కడే కూర్చుని ఉన్నాడు. ఎదురుగా. ఎర్ర టై కట్టుకుని."

"ఆ హాసెల్ ఇప్పుడేం చేస్తున్నాడో?" అంది రెండో గొంతు.

"పాలబండి తోలుతున్నాడట."

"పోన్లే. చేతికొచ్చింది ఒలకపోయకుండా చేరిస్తే చాలు."

ఇద్దరూ నవ్వారు. బ్రెంటన్ కూడా మూతి ఒక పక్కకి లాగి నవ్వాడు. ఒలకపోయడం మీద మాట బాగానే ఉంది. రేపు ట్రూడీకి చెప్పొచ్చు.

ఇన్నేళ్ళలో అతను ఒక పద్ధతి నేర్చుకున్నాడు. ఎదుటివాడు నోరు తెరిచేలోపు ఆ మాట తనే అనేయాలి. పబ్బులో కొత్తవాడెవడైనా మొహం వంక రెండోసారి చూస్తే, "అవునయ్యా, ఆ నంబర్ టూ నేనే, ముక్కు మూసుకో," అనేవాడు. బళ్ళో పిల్లలు బండి కనిపిస్తే నిజంగానే ముక్కులు మూసుకునేవారు. అతను హారన్ కొట్టి చెయ్యి ఊపేవాడు. పెళ్ళిలో మామగారు గ్లాసు పైకెత్తి, "మా లియాన్‌కి మొదటి వంతే వచ్చింది, అయినా వీణ్ణే ఎంచుకుంది," అంటే అందరికన్నా గట్టిగా నవ్వింది పెళ్ళికొడుకే. ముందుగా నవ్వినవాడిని ఎవరూ ఎక్కువసేపు కొట్టరు. ఆవుతోలు లాగా అతని తోలు మందమైంది. మందమైందని అతను అనుకునేవాడు.

"నిజానికి కుర్రాణ్ణి అనకూడదు," అంది రేడియోలో మొదటి గొంతు. "ఎంచినవాణ్ణి అనాలి. మర్విన్ టోజర్. ఊరూరా తిరిగి కుర్రాళ్ళని చూసి రమ్మని క్లబ్బు పంపిస్తే, కళ్ళు ఏ పబ్బులో తాకట్టుపెట్టి చూశాడో ఆ మహానుభావుడు."

బ్రెంటన్ రేడియో కట్టేశాడు. వైపర్లు మాత్రం కొట్టుకుంటూనే ఉన్నాయి.

తన మీద ఎన్ని పడ్డా ఫర్వాలేదు. ఆ పేరు మీద పడితే మాత్రం వినలేడు.

పోయిన వారం యారాసైడ్ క్లబ్బు నుంచి ఫోను వచ్చింది. టామ్సిన్ అని చిన్నమ్మాయి, మర్యాదగా మాట్లాడింది. శనివారం రాత్రి మెల్‌బోర్న్‌లో క్లబ్బు విందు ఉంది. పాతికేళ్ళ కిందటి డ్రాఫ్టుని వేదిక మీద మళ్ళీ జరిపిస్తారట, ఇప్పుడు తెలిసినదాన్ని బట్టి పేర్లు సరిచేస్తూ. డెలహంటీ స్వయంగా వస్తున్నాడు. బ్రెంటన్ కూడా వచ్చి, ఆనాడు తనకి తొడిగిన జెర్సీని తన చేత్తోనే డెలహంటీకి అందిస్తే హాలంతా లేచి నిలబడుతుందని ఆ పిల్ల నమ్మకం. "అంతా సరదాకే మిస్టర్ హాసెల్. మీరు చాలా సరదా మనిషని అందరూ చెప్పారు," అంది.

ఆ రాత్రి లియాన్‌కి చెబితే, బేకరీ పిండి ఇంకా మోచేతుల మీద ఉండగానే, చాలాసేపు అతని వంక చూసింది. "నీ మొహం, నీ ఇష్టం," అంది. "నేను మాత్రం ఆ హాల్లో కూర్చుని నవ్వలేను."

"నవ్వేస్తే పోతుంది కదా."

"పాతికేళ్ళుగా నవ్వుతున్నావు. ఎక్కడికి పోయింది?"

అతను అటక మీదనుంచి జెర్సీ దించి, కలరా ఉండలు దులిపి, బయట తీగ మీద ఆరేశాడు. ఇవాళో రేపో టామ్సిన్‌కి సరేనని చెప్పాలి.

ఫ్యాక్టరీలో పాలు దించి, ట్యాంకు కడిగించి, మళ్ళీ రెండో విడతకి దక్షిణపు దారి పట్టాడు. ఈ కాలంలో ఆవులన్నీ ఒక్కసారే ఈనుతాయి. ఎక్కడ చూసినా తడిసిన దూడలు, బురద, నిద్ర చాలని మొహాలు. ఒకచోట బండి గేటులో కూరుకుపోతే రైతు ట్రాక్టరు తెచ్చి లాగాడు. ఇంకోచోట కుక్క అతని సాండ్‌విచ్ ఎత్తుకుపోయింది. మధ్యాహ్నం దాటి బండి డిపోలో అప్పగించేసరికి వాన వెలిసి, సన్నటి ఎండ నీరసంగా కాసింది. బ్రెంటన్ మొహం కడుక్కుని, తన కారులో డెర్రిగల్ ఆసుపత్రికి బయల్దేరాడు.

జూన్ నెలలో లియాన్ పెద్దమ్మని చూడడానికి ఆసుపత్రి వెనక ఉన్న వృద్ధుల వార్డుకి వెళ్ళినప్పుడు, పక్కగది తలుపు మీద ఎం. టోజర్ అన్న పేరు కనిపించింది. బ్రెంటన్ ఆ తలుపు ముందు అటూ ఇటూ రెండుసార్లు నడిచాడు. ఆ మనిషికి ఎదురుపడి ఇరవై రెండేళ్ళు. తనని గేటు దాకా సాగనంపిన చలికాలమే క్లబ్బు టోజర్నీ ఇంటికి పంపింది. ఆయన బతుకు తన మోకాలితోనే విరిగిందని బ్రెంటన్ మనసులో పడిపోయింది. ఆ తర్వాత ఎక్కడ దూరంగా ఆయన టోపీ కనిపించినా పక్క వీధిలోకి తిరిగిపోయేవాడు.

తలుపు తోసి లోపలికెళితే, కిటికీ దగ్గర కుర్చీలో ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో పొడుగాటి మొహం ముసలాయన కూర్చుని ఉన్నాడు. మొహం చూడలేదు ఆయన. ముందు కాలు చూశాడు.

"ఎడమదేనా?"

"ఎడమదే."

"వంగుతుందా?"

"క్లచ్ తొక్కడానికి సరిపోతుంది మిస్టర్ టోజర్."

"అయితే కూర్చో."

అంతే, మళ్ళీ ఆ ఊసు రాలేదు. ఆరోజు నుంచి పని దిగగానే రావడం, వాన సంగతీ ఆవుల సంగతీ ఆసుపత్రి కస్టర్డు ఎంత పలచనో ఆ సంగతీ మాట్లాడుకోవడం అలవాటైంది. ఊళ్ళో అందరూ ఆయన్ని మర్వ్ అనే పిలుస్తారు. బ్రెంటన్‌కి మాత్రం నోరు తిరగదు. పద్దెనిమిదేళ్ళప్పుడు పిలిచిన పిలుపే.

ఇవాళ గదిలోకి వెళ్ళేసరికి నర్సు మారిసెల్ ఆయన తల దువ్వుతోంది. మనీలా నుంచి వచ్చి ఈ ఊళ్ళోనే స్థిరపడ్డ మనిషి. పనిలో ఎంత చురుకో నోటితోనూ అంతే.

"కదలకు మర్వ్. ఇవాళ నువ్వు టీవీలో పడతావు. ఉన్న నాలుగు వెంట్రుకలైనా ఒక పక్కకి ఉండొద్దూ?"

టోజర్ మోకాళ్ళ మీద గళ్ళ కంబళి కప్పి, మెడకి టై కట్టి ఉంది. మెడ సన్నబడడం వల్ల కాలరు ఒక చెయ్యి పట్టేంత వదులైంది. పెదవులు నీలంగా ఉన్నాయి. నిన్నటికన్నా ఊపిరి పొట్టిగా ఉందని బ్రెంటన్ గమనించాడు.

"క్లబ్బు పిల్ల ఫోను చేస్తుందట. బొమ్మ కనిపించే ఫోను," అన్నాడు టోజర్. "నువ్వూ కూర్చో. నీ గురించే కదా."

"నాకూ చేసింది."

"తెలుసు. జెర్సీ ఇస్తావటగా."

బ్రెంటన్ కుర్చీ లాక్కుని కూర్చుని, తన చేతుల వంక చూసుకున్నాడు. "మీరూ అనేయండి మిస్టర్ టోజర్. పొరపాటైపోయిందని ఒక్క మాట అనేస్తే వాళ్ళు ఊరుకుంటారు. నాకేం బాధ లేదు. నేను ఎప్పుడో అలవాటుపడిపోయాను."

"నీకు బాధ ఉందా అని నిన్నెవడైనా అడిగాడా?"

"అది కాదు..."

"నోరు మూసుకుని కూర్చో."

ఆ ఒక్క మాటకే ఆయనకి ఆయాసం వచ్చింది. మారిసెల్ వీపు నిమిరి, పలక లాంటి ఫోనుని మంచం బల్ల మీద నీళ్ళజగ్గుకి ఆనించి నిలబెట్టింది. కాసేపటికి అందులో టామ్సిన్ మొహం వెలిగింది. ఆమె వెనక గోడ మీద కొంగబొమ్మ.

ఆ పిల్ల ముందు ఆరోగ్యం ఎలా ఉందని అడిగింది. విందు గురించి చెప్పింది. "మిస్టర్ టోజర్, మాకు ఒక్క వాక్యం చాలు. ఇప్పుడు తెలిసినదాన్ని బట్టి చూస్తే, ఆ రోజు ఎవరి పేరు చదివేవారు?"

గొట్టంలోంచి గాలి సన్నగా ఈల వేస్తోంది.

"ఇప్పుడు తెలిసినదాన్ని బట్టా?" అన్నాడు టోజర్.

"అవునండీ."

"ఇప్పుడు తెలిసినదాన్ని బట్టి అయితే, మా ఆవిడ జాయిస్ ఆ బుధవారం కారు తీయకుండా తాళాలు దాచేసేవాణ్ణి. మా నాన్నని ఆ బావిలో దిగనిచ్చేవాణ్ణి కాను. ఇప్పుడు తెలిసినదాన్ని బట్టి ఎవడైనా చెబుతాడమ్మా. అది తెలివి కాదు. ఆలస్యంగా రావడం."

టామ్సిన్ కళ్ళు ఒక్కసారి కిందికి వాలాయి. మళ్ళీ ఓపిగ్గా నవ్వింది. "అర్థమైంది. నేనడిగింది ఆట వరకే..."

"ఆట సంగతే చెబుతున్నా. నువ్వు అడగనిది చెబుతా, విను. వీణ్ణి నేను ఎక్కడ చూశానో ఎవరూ ఎప్పుడూ అడగలేదు." వేలితో బ్రెంటన్‌ని చూపించాడు, అతను ఫోనులో కనిపించడన్న సంగతి పట్టించుకోకుండా. "కామ్‌బ్రే మైదానంలో. వాన. వీళ్ళ జట్టు చిత్తుగా ఓడిపోతోంది. మన బంతి గుండ్రటిది కాదు. కోలగా ఉంటుంది. నేల మీద పడితే ఎటు ఎగురుతుందో దేవుడికి కూడా తెలీదు. అందరూ అది పడ్డచోటికి పరిగెడతారు. పడ్డాక ఎగిరినవైపు మళ్ళీ పరిగెడతారు. వీడు పరిగెత్తలేదు. ఆగాడు. ఒక్క క్షణం ఆగి, ఎవరూ లేని చోటికి నడిచాడు. బంతి అక్కడికే వచ్చింది."

ఆగి ఊపిరి తీసుకున్నాడు. మారిసెల్ ఒక అడుగు ముందుకేస్తే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఒకసారైతే అదృష్టం అనుకుంటాను. ఆ మధ్యాహ్నమంతా అదే. బంతే వీడి మాట వింటున్నట్టు. నలభై ఏళ్ళు చూశాను నేను కుర్రాళ్ళని. అలా ఇంకొకణ్ణి చూడలేదు. డెలహంటీనీ చూశాను. గొప్పవాడవుతాడని నాకూ తెలుసు. వీడు ఇంకా గొప్పవాడవుతాడని అనుకున్నాను. అది కళ్ళతో చూసిన మాట. మోకాలు లోపల ఏముందో చూడడానికి నేను దేవుణ్ణి కాదు, డాక్టర్నీ కాదు."

"అయితే..." అంది టామ్సిన్.

"అయితే ఏం లేదు. నన్ను మళ్ళీ ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టండి. ఆ రోజు నాకు తెలిసింది నాకిచ్చి కూర్చోబెట్టండి. బ్రెంటన్ హాసెల్ అనే చదువుతాను. నీ ఒక్క వాక్యం ఇదే. వేస్తే వేసుకోండి, లేకపోతే లేదు."

కామ్‌బ్రేలో ఆ ఆట బ్రెంటన్‌కి గుర్తే. ఓడిపోయాం కాబట్టి మర్చిపోవాల్సిన ఆటగా గుర్తు. బంతి ఎటు ఎగురుతుందో తనకి తెలిసేదన్న సంగతి కూడా అతనికి తెలియదు. అందరికీ తెలుస్తుందేమో అనుకునేవాడు. రెండో నంబరని అందరూ అన్నారు, తప్పని అందరూ అన్నారు. అసలు తనలో ఏం చూసి పిలిచారో ఇన్నేళ్ళలో ఒక్కరూ చెప్పలేదు. అతనూ ఎవరినీ అడగలేదు. అడగడానికి ఏదో ఒకటి ఉండి ఉంటుందన్న నమ్మకం ఉండాలి కదా.

అతను లేచి, ఫోను తన వైపుకి తిప్పుకున్నాడు.

"అమ్మాయ్, నేను హాసెల్‌ని."

"ఓ, మీరూ అక్కడే ఉన్నారా? మంచిదైంది. శనివారం..."

"రావట్లేదు."

"అంతా సరదాకే మిస్టర్ హాసెల్. ఎవరూ మిమ్మల్ని..."

"తెలుసమ్మా. నీ తప్పేం లేదు. నీకు చెప్పిన పని నువ్వు చేస్తున్నావు. నేను సరదా మనిషినే. కానీ ఆ జెర్సీ నాది. పొరపాటున నా చేతికొచ్చి పడింది కాదు. ఈయన చూసి ఇచ్చాడు."

"మేం డెలహంటీ గారికి చెప్పేశాం..."

"ఆయనకి మూడో నంబరుంది కదా. అది మంచి నంబరే. దాన్నే ఉంచుకోమను."

టోజర్ నవ్వబోయాడు. నవ్వు దగ్గుగా మారింది, దగ్గు చాలాసేపు ఆగలేదు. మారిసెల్ ఫోను మూసేసి, ఆయన్ని ముందుకి వంచి పట్టుకుంది. మొహంలో రంగు కొంచెం తిరిగొచ్చాక, "ఇక చాలు మర్వ్. ఈ రోజుకి మాటలు కట్టు," అని, ఆక్సిజన్ కొంచెం పెంచి, బ్రెంటన్ వంక ఒక చూపు చూసి వెళ్ళింది. ఆ చూపు అర్థం బ్రెంటన్‌కి తెలిసింది. కుర్చీని టోజర్ పక్కకి జరుపుకున్నాడు.

కిటికీ అవతల ఊరి మైదానం. బడి వదిలారు. పన్నెండు పదమూడేళ్ళ పిల్లలు, ఆడా మగా కలిసే, బురదలో బంతి తన్నుకుంటున్నారు. గట్టు మీద కోచ్ ఈల నోట్లో పెట్టుకుని చేతులు జేబుల్లో దూర్చుకుని నిలబడ్డాడు.

"చెప్పు," అన్నాడు టోజర్. "నాకు మసకగా ఉంది."

"రెండు జట్లు చేశాడు. బంతి ఇటువైపు వస్తోంది. ఒక లావుపాటి వాడు తీసుకున్నాడు. జారిపడ్డాడు."

"ఆ పిల్ల ఎక్కడుంది?"

"ఏ పిల్ల? ఎర్ర టోపీయా?"

"కాదు. దాని వెనక. పొట్టిది. మోకాళ్ళ దాకా సాక్సులు."

బ్రెంటన్ వెతికి పట్టుకున్నాడు. ఆ పిల్ల గుంపులో లేదు. ఒక పక్కగా, చలికి భుజాలు ముడుచుకుని నిలబడి ఉంది. చూసేవాడికి ఆట మీద మనసు లేనట్టే ఉంటుంది. గుంపులోంచి ఎవరో గుడ్డిగా తన్నిన బంతి గాల్లోకి లేచింది. అందరూ అటు పరిగెత్తారు. ఆ పిల్ల ఆగింది. తర్వాత తీరిగ్గా నాలుగడుగులు పక్కకి వేసింది. బంతి నేలకి తగిలి, అడ్డదిడ్డంగా ఎగిరి, ఆ పిల్ల చేతుల్లోకి వచ్చి పడింది.

"చూశావా?" అన్నాడు టోజర్.

"చూశాను."

"వారం రోజులుగా చూస్తున్నా. దానికి తెలీదు." ఆయన వేళ్ళు కుర్చీ చేతిని పట్టుకుని వదిలాయి. "అది నా ఎంపిక. చెప్పు. ఆపకు."

బ్రెంటన్ చెబుతూ పోయాడు. ఎవరు తన్నారు, ఎవరు పట్టారు, ఎవరు ఎవరి మీద పడి తిట్లు తిన్నారు. ఎర్ర టోపీ పిల్ల ఏడుస్తూ బూటు వెతుక్కుంటున్నాడు. కోచ్ ఈల వేశాడు, ఎవరూ వినలేదు. పొట్టి పిల్ల మళ్ళీ ఆగింది, మళ్ళీ బంతి దాని దగ్గరికే వచ్చింది. మధ్యలో రెండుసార్లు టోజర్ ఊఁ కొట్టాడు. తర్వాత ఊఁ కొట్టలేదు. ఆ పొడుగాటి మొహం మైదానం వైపే తిరిగి ఉంది. టై కింద చొక్కా కదలడం లేదు. గొట్టంలో గాలి మాత్రం అలాగే ఈల వేస్తోంది.

బ్రెంటన్ అర్థం చేసుకున్నాడు. అయినా ఆపమన్న మాట రాలేదు కాబట్టి, ఆ పొట్టి పిల్ల జట్టు గోలు కొట్టేదాకా చెబుతూనే ఉన్నాడు.

మారిసెల్ వచ్చి, మణికట్టు పట్టుకుని చూసి, ఆక్సిజన్ ఆపింది. ఆ చప్పుడు ఆగాక గానీ గది ఎంత నిశ్శబ్దంగా ఉందో తెలియలేదు. ఆమె తన మెడలోని చిన్న శిలువని ముద్దుపెట్టుకుని, టోజర్ కళ్ళు మూసింది. "బాలరాట్‌లో ఉన్న కూతురికి ఫోను చేయాలి," అంది. "ఒళ్ళు తుడిచి పడుకోబెడతాం. నువ్వు కాసేపు బయటికి వెళ్ళు బ్రెంటన్."

అతను వెనక తలుపులోంచి మైదానం కంచె దగ్గరికి నడిచాడు. పొద్దు వాలుతోంది. పిల్లలు బంతులు సంచిలో వేస్తున్నారు. కోచ్ అతన్ని గుర్తుపట్టి, మామూలుగా అందరూ చేసేటట్టే మొహం మీద ఒక చిలిపి నవ్వు తెచ్చుకున్నాడు.

"ఏంటి నంబర్ టూ, పొద్దున రేడియో విన్నావా?"

"విన్నాను." బ్రెంటన్ నవ్వలేదు. "ఆ పిల్ల పేరేంటి? పొడుగు సాక్సులది."

కోచ్ నవ్వు సగంలో ఆగింది. "అదా? ఫ్రేయా. నోవాక్ వాళ్ళమ్మాయి. పరిగెత్తదు. ఎప్పుడూ ఏదో ఆలోచిస్తూ నిలబడిపోతుంది. శనివారం దాన్ని పక్కన కూర్చోబెడదామనుకుంటున్నా."

"కూర్చోబెట్టకు."

"ఎందుకు?"

"మర్విన్ టోజర్ ఎంచుకున్నాడు."

కోచ్ ఏదో అనబోయాడు. ఆ పెద్ద మనిషి కంచె మీద రెండు చేతులూ పెట్టి నిలబడిన తీరు చూసి అనలేదు. సంచి భుజాన వేసుకుంటూ, "సరే," అన్నాడు. కాసేపాగి, "నువ్వు చెప్పావంటే సరే," అన్నాడు.

బ్రెంటన్ తిరిగి గదికి వచ్చాడు. టోజర్‌ని మంచం మీద పడుకోబెట్టి దుప్పటి గడ్డం దాకా లాగారు. టై విప్పలేదు. అతను ఆ చేతిని ఒకసారి తాకి, పొద్దున ట్రూడీ తొట్టి దగ్గర మొదలైన రోజు ఇంకా ఇదేనా అనుకుంటూ, కాళ్ళ దగ్గర కొంతసేపు నిలబడ్డాడు. బయట కారిడార్‌లో మారిసెల్ ఎవరికో ఫోనులో మెల్లగా చెబుతోంది. ఆయన వస్తువులన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో సర్దేశారు.

కిటికీ దగ్గర కుర్చీలో మాత్రం, ఎన్నో చలికాలాలు ఎన్నో మైదానాల గట్ల మీద ఆయన మోకాళ్ళకి కప్పుకుని కూర్చున్న గళ్ళ కంబళి విప్పిన మడత విప్పినట్టే పడి ఉంది. ఎన్ని ఉతుకులు ఉతికినా వదలని గడ్డిగింజలు దాని అంచు పోగుల్లో ఇంకా అలాగే పట్టుకుని ఉన్నాయి.